గడప దగ్గర నిలబడ్డవాళ్ళు: సైన్స్ ఫిక్షన్‌లో మార్మిక పీఠానికి రహస్య కావలి దళాన్ని ఎలా కల్పించాలి

ముఖం కనపడని ముసుగు, నేలను తాకే అంగీ, నోరు విప్పని మనిషి, చేతిలో వెలుగుతున్న ఆయుధం. సైన్స్ ఫిక్షన్‌లో ఎక్కడ మార్మిక పీఠం ఉంటే అక్కడ గుమ్మం దగ్గర ఇలాంటి దళం ఉంటుంది. చాలా కథల్లో వాళ్ళకుండే పని రెండే: మొదట భయపెట్టడం, తర్వాత కథానాయకుడి చేతిలో చావడం. చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది. పేరు, ఇల్లు, అయినవాళ్ళు అన్నీ వదులుకుని ఒక నమ్మకం కోసం తలుపు దగ్గర నిలబడ్డ మనిషి కథలో ఉన్నాడు. అతని లోపల ఏముందో చూడకుండానే కథ అతన్ని దాటుకుని వెళ్ళిపోతుంది.

మీరు అలాంటి దళాన్ని రాయబోతుంటే కింద చెప్పిన వరుసలో పని చేయండి. వరుస మార్చకండి. ముసుగు, ఆయుధం, అంగీ రంగు బాగా తర్వాత వస్తాయి. వాటితో మొదలుపెడితే మీ దళం ఇంకెవరో రాసిన దళంలా తయారవుతుంది.

1. పీఠం దేనికి భయపడుతోందో ఒక్క వాక్యంలో రాయండి

"శత్రువులకి" అని రాసి ఊరుకోకండి. ఏ శత్రువు, వచ్చి ఏం ఎత్తుకుపోతాడు, అది పోతే పీఠంలో ఏం కూలుతుంది? బయటి దాడికి భయపడే పీఠం సైనికుల్ని పెంచుతుంది. లోపలి చీలికకు భయపడే పీఠానికి చెవులు కావాలి, కాబట్టి దాని కావలివాళ్ళు గూఢచారులవుతారు. గుట్టు బయటికి పొక్కుతుందని భయపడితే వాళ్ళు జైలు కాపలాదారులవుతారు. నాలుగో భయం ఒకటుంది, కథకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే: తాము నమ్మింది నిజం కాదేమో అన్న భయం. అలాంటి పీఠం కావలిని నిలబెట్టేది తన శిష్యుల నుంచి తన్ను తాను కాపాడుకోవడానికి.

ఇక్కణ్ణుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఒక పీఠం ఉందనుకోండి. పల్సార్ అంటే గిర్రున తిరుగుతూ, లయ తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం. దూరాన ఉన్న అలాంటి ఒక పల్సార్ లయే సృష్టికి మూలమంత్రమని ఈ పీఠం విశ్వాసం. ఒక గ్రహశకలాన్ని తొలిచి కట్టుకున్న నివాసంలో సాధకులు కూర్చుని, రేడియో తరంగాల్లో వచ్చే ఆ లయను వింటూ ధ్యానం చేస్తారు. 1967లో మొదటి పల్సార్ దొరికినప్పుడు దాని స్పందనలు సుమారు 1.33 సెకన్లకొకటి చొప్పున తప్పకుండా వచ్చాయి. అంత క్రమం ఉండేసరికి వేరే నాగరికత పంపుతున్న సంకేతమేమో అన్న ఆలోచన శాస్త్రవేత్తలకే వచ్చింది. కాబట్టి దాన్ని మంత్రంగా కొలిచే మనుషులుంటారంటే పాఠకుడు నమ్ముతాడు. అయితే పల్సార్లు కాలం గడిచేకొద్దీ నెమ్మదిస్తాయి. కొన్ని అప్పుడప్పుడు ఉన్నట్టుండి కాస్త వేగం పుంజుకుంటాయి కూడా. మూలమంత్రం మారదని బోధించే పీఠానికి ఇంతకన్నా ప్రమాదకరమైన సమాచారం లేదు. పీఠాధిపతికి విషయం తెలుసు, సాధకులకు తెలియదు. లయను కొలిచే పరికరాలు ఒక గదిలో ఉన్నాయి. ఆ గది గడప దగ్గర మన దళం నిలబడి ఉంది. నివాసంలో వాళ్ళను "గడపవాళ్ళు" అంటారు.

గడపవాళ్ళు లోపలున్నది పవిత్రత అని నమ్మి ఒక గడియారాన్ని కాస్తున్నారు. కథ అంతా ఇప్పటికే ఇందులో ఉంది. మీ ఉదాహరణలో కూడా ఇలాంటి వాక్యం ఒకటి దొరికేదాకా రెండో అడుగు వేయకండి.

2. మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?

చరిత్ర ఈ ప్రశ్నకు దాదాపు ఒకే జవాబు చెబుతుంది: కొలువులో చుట్టరికం లేనివాళ్ళను తెచ్చుకో. బైజాంటియం చక్రవర్తి రెండవ బాసిల్ 988 ప్రాంతంలో ఉత్తరాది నుంచి వచ్చిన యోధుల్ని చేర్చుకున్నాడు. చక్రవర్తిని కాచే వరాంజియన్ దళం అలా మొదలైంది. రాజధానిలోని ఏ ముఠాతోనూ వాళ్ళకు పొత్తు లేకపోవడమే వాళ్ళ యోగ్యత. ఒట్టోమన్ సుల్తానులు క్రైస్తవ కుటుంబాల నుంచి మగపిల్లల్ని తీసుకెళ్ళి, మతం మార్చి, జానిసరీలు అనే తమ సొంత సైన్యంగా పెంచారు. ఈజిప్టులో మమ్లూకులు బానిసలుగా కొనితెచ్చిన సైనికులు.

సైన్స్ ఫిక్షన్‌కు వీళ్ళెవరికీ లేని ఒక పనిముట్టు ఉంది: సాపేక్షత. కాంతి వేగంలో 99 శాతంతో ప్రయాణించే నౌకలో కాలం సుమారు ఏడు రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. నౌకలో రెండేళ్ళు గడిపి దిగిన కుర్రాడికి ఇంటి దగ్గర పద్నాలుగేళ్ళు గడిచిపోయి ఉంటాయి. ఇలాంటి ప్రయాణాలు మూడు నాలుగు చేయిస్తే చాలు, అతను ఇంకా యువకుడిగానే ఉంటాడు, ఎదురుచూసే తల్లి ఉండదు. ఏ సుల్తానూ ఇంత శుభ్రంగా చుట్టరికం తెంచలేడు. బలవంతం అక్కర్లేదు, గొలుసులు అక్కర్లేదు, నౌక ఎక్కించడం ఒక్కటే. మన పీఠం దీన్ని "స్నానం" అంటుందనుకుందాం. మూడు స్నానాలయ్యాక గానీ గడప దగ్గర నిలబడనివ్వరు.

ఈ ఘట్టాన్ని తొందరపడి దాటేయకండి. మొదటిసారి నౌక ఎక్కే ముందు ఆ పిల్లకు గానీ పిల్లవాడికి గానీ ఈ లెక్క ఎవరైనా చెప్పారా? ఇంట్లో ఎవరికి తెలుసు? తెలిసీ పంపిన తండ్రి ఉంటే ఎందుకు పంపాడు? దీన్ని పూర్తి దృశ్యంగా రాసి పెట్టుకోండి. కథలోకి రాకపోయినా ఫర్వాలేదు, ఆ పాత్ర తర్వాత మాట్లాడే ప్రతి మాటలోనూ దాని బరువు ఉంటుంది.

ఒక హెచ్చరిక. బయటి బంధాలు తెంచుకున్నవాళ్ళు ఒకరికొకరు బంధువులవుతారు. కంచే చేను మేయడం అక్కడే మొదలవుతుంది. మమ్లూకులు 1250లో తమ యజమానుల వంశాన్నే దించి ఈజిప్టును ఏలారు. రోమ్‌లో చక్రవర్తిని కాచే ప్రిటోరియన్ దళం 193లో పెర్టినాక్స్ చక్రవర్తిని చంపి, సింహాసనాన్ని వేలం వేసింది. కొనుక్కున్న డిడియస్ జూలియానస్ ఏలింది 66 రోజులు. మీ పీఠాధిపతికి ఇంత చరిత్ర తెలిసే ఉంటుంది. కావలివాళ్ళ మీద కావలి ఎవరో అతను ఎప్పుడో ఆలోచించి ఉంటాడు. మీరూ ఆలోచించండి.

3. ప్రమాణాన్ని మాట మాటా రాయండి

"ప్రాణమిచ్చి కాపాడతామని ప్రమాణం చేశారు" అని చెప్పేసి వదిలేయడం ఇలాంటి కథల్లో తరచూ కనిపించే లోపం. ప్రమాణం మాటలు పాఠకుడి చేతిలో పెట్టాలి, ఎందుకంటే తర్వాత జరిగే సంఘర్షణ అంతా ఆ మాటల మధ్య సందుల్లోంచే వస్తుంది.

మొదట ప్రమాణం ఎవరికో తేల్చండి: వ్యక్తికా, పదవికా, సిద్ధాంతానికా, వస్తువుకా? వ్యక్తికి కట్టుబడితే ఆ బంధం అతని చావుతో తెగాలి, లేదా ఇద్దరూ కలిసి పోవాలి. కాకతీయుల కొలువులో లెంకలు ఏలిక కోసం ప్రాణమిస్తామని ప్రతిన పట్టినవాళ్ళు. హొయసల రాజుల దగ్గర అలాంటి ప్రతిన పట్టిన గరుడులు ఉండేవారు. రెండవ వీరబల్లాళుడు చనిపోయినప్పుడు అతని సేనాని కువర లక్ష్మ తనవాళ్ళతో సహా ప్రాణాలు తీసుకున్న సంగతి హళేబీడు శాసనంలో ఉంది. పదవికి కట్టుబడితే మనిషి మారినా బంధం మారదు. పోప్‌ను కాచే స్విస్ గార్డు 1506 నుంచి అలాగే కొనసాగుతోంది. 1527 మే 6న రోమ్‌ను సైన్యం దోచుకుంటున్నప్పుడు 189 మందిలో 147 మంది చనిపోయారు, మిగిలినవాళ్ళు పోప్ ఏడవ క్లెమెంట్‌ను కోటకు చేర్చారు. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళు ప్రమాణం చేసేది మే 6నే. ఒక ఓటమి రోజును ప్రమాణపు రోజుగా పెట్టుకోవడంలో ఎంత కథ ఉందో చూడండి. మీ దళానికి కూడా ఒక తేదీ ఇవ్వండి, ఆ రోజు ఏం పోగొట్టుకున్నారో చెప్పండి.

గడపవాళ్ళ ప్రమాణం ఇలా ఉందనుకుందాం: "లయ ఆగేదాకా ఈ గడప దాటను, దాటనివ్వను." వినడానికి దృఢంగా ఉంది. కానీ లయ ఆగలేదు, మారింది. మారిన లయ పాత లయేనా? లోపలి గదిలో కొలతలు చూసిన కావలిమనిషి ప్రమాణం తప్పినట్టా, లేక ప్రమాణమే ఇంతకాలం తప్పుగా ఉన్నట్టా? ఇద్దరు గడపవాళ్ళు ఇదే వాక్యాన్ని పట్టుకుని ఎదురెదురుగా నిలబడగలరు, ఇద్దరిదీ నిజాయితీయే. మీ ప్రమాణం ఇలా రెండు వైపులా తెగేలా ఉండాలి. ఒకే అర్థం వచ్చేలా ఉంటే మళ్ళీ రాయండి.

ఆజ్ఞలు అందే వేగం కూడా ఇక్కడే చూసుకోండి. భూమి నుంచి అంగారకుడికి మాట చేరడానికి గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. నెప్ట్యూన్ దగ్గర ఉన్న దళం అడిగిన ప్రశ్నకు జవాబు రావాలంటే ఎనిమిది గంటలు. అంటే దాడి జరిగే వేళ పీఠాధిపతి మాట అందదు. కావలివాడు ప్రమాణాన్ని తన బుర్రతో తనే చదువుకోవాలి. విశ్వమంతా క్షణంలో కబురందే కథలో ఈ ఒత్తిడి పోతుంది, కాబట్టి ఆ సౌకర్యం మీ కథకు నిజంగా కావాలో లేదో ఆలోచించి తీసుకోండి.

4. రహస్యానికి అయ్యే ఖర్చు లెక్క వేయండి

నా దృష్టిలో దళం నిజమనిపించేదీ, తేలిపోయేదీ ఇక్కడే. అంతరిక్ష నివాసంలో మనిషిని దాచడం చాలా కష్టం. ప్రతి మనిషి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ పీలుస్తాడు. ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. మీ రహస్య దళంలో నలభై మంది ఉంటే రోజుకు 33 కిలోలకు పైగా ఆక్సిజన్, 4 కిలోవాట్ల వేడి ఎవరి ఖాతాలోనూ లేకుండా పోతుంటాయి. గాలి లెక్క చూసే గుమస్తా ఒక్కడు శ్రద్ధగా పద్దులు రాస్తే చాలు, దళం ఉందని పట్టేస్తాడు. ఆ గుమస్తా ఎవరు? అతన్ని కొన్నారా, బెదిరించారా, లేక అతనూ గడపవాడేనా? నాకైతే ఇలాంటి కథలో అందరికన్నా ఇష్టమైన పాత్ర అతనే అవుతాడు.

నౌకను దాచడం ఇంకా కష్టం. అంతరిక్షపు నేపథ్య ఉష్ణోగ్రత 2.7 కెల్విన్. మనుషులు బతికే నౌక దాదాపు 300 కెల్విన్ దగ్గర ఉంటుంది, ఆ వేడిని బయటికి వదలక తప్పదు. వెతకడం తెలిసినవాళ్ళకు కనిపిస్తుంది. కాబట్టి "ఎవరికీ కనపడని నౌకలో వచ్చారు" అని రాయకండి. ధాన్యం మోసే నౌకలాగో, శవాలను ఇళ్ళకు చేర్చే నౌకలాగో అందరి కళ్ళ ముందే రానివ్వండి. దాక్కోవడం కన్నా మారువేషం చవక.

అందుకే రహస్యాన్ని మూడు రకాలుగా విడదీయండి. దళం ఉందన్న సంగతే దాచడం మొదటిది, అది అన్నిటికన్నా ఖరీదైనది. దళం ఉందని అందరికీ తెలిసినా అందులో ఎవరున్నారో దాచడం రెండోది. మనుషులు తెలిసినా వాళ్ళు నిజంగా దేన్ని కాస్తున్నారో దాచడం మూడోది. రెండూ మూడూ కలిస్తే కథకు బలం. గడపవాళ్ళున్నారని నివాసంలో పిల్లలకు కూడా తెలుసు. తోటపని చేసే ఆవిడ గడపమనిషి అని ఆవిడ పక్క గదిలో ఉండేవాళ్ళకు తెలియదు. లోపలేముందో ఆవిడకు తెలియదు.

గుట్టుకు ఇంకో మూల్యం ఉంది, అది ఆలస్యంగా చెల్లించాల్సి వస్తుంది. టెంప్లార్లు అనే క్రైస్తవ సన్యాసి యోధులు కొత్తవాళ్ళను చేర్చుకునే తంతును మూసిన తలుపుల వెనక జరుపుకునేవారు. 1307 అక్టోబర్ 13న ఫ్రాన్స్ రాజు నాలుగవ ఫిలిప్ వాళ్ళను ఒక్కసారిగా బంధించినప్పుడు, ఆ తలుపుల వెనక శిలువ మీద ఉమ్మేయిస్తారని, క్రీస్తును కాదనిపిస్తారని నేరం మోపాడు. లోపల ఏం జరిగిందో చూసిన బయటివాళ్ళు లేరు కాబట్టి కాదని సాక్ష్యం చెప్పేవాళ్ళూ లేరు. 1312లో పోప్ ఆ సంఘాన్నే రద్దు చేశాడు. మీ దళం మీద కూడా ఇలాంటి నింద ఒకటి కల్పించండి. అది అబద్ధమై ఉండాలి, వాళ్ళు తమ రహస్యం బయటపెడితే తప్ప అబద్ధమని తేలకూడదు.

5. పీఠానికి ఉన్న శక్తి నిజమా కాదా

మీరు నిర్ణయించుకోండి. పాఠకుడికి చెప్పాలా వద్దా అన్నది తర్వాతి సంగతి, మీకు మాత్రం సందేహం ఉండకూడదు. శక్తి నిజమైతే కావలివాళ్ళకు అందులో ఎంత వాటా ఇచ్చారో, ఎందుకు అంతకు మించి ఇవ్వలేదో రాసుకోండి. మన ఉదాహరణలో గడపవాళ్ళకు లయ వినే అనుమతి లేదు. మంత్రాన్ని కాసేవాళ్ళు మంత్రం వినకూడదు. ఈ ఒక్క నిషేధం నాకు ఎన్ని అద్భుత శక్తులకన్నా ఎక్కువ పని చేసి పెడుతుంది.

6. ఆయుధాలు

క్లుప్తంగా చెప్తాను. అంతరిక్ష నివాసంలో తుపాకీ పేలిస్తే గోడకు చిల్లు పడి అందరూ క్షణంలో చస్తారని చాలామంది రాస్తారు. అంత తొందరగా జరగదు. 2018 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అతుక్కుని ఉన్న సోయుజ్ నౌకలో దాదాపు 2 మిల్లీమీటర్ల రంధ్రం కనిపించింది. గాలి మెల్లగా తగ్గింది, సిబ్బంది ఎపాక్సీ జిగురుతో పూడ్చారు. మీ దళం కత్తులే వాడాలంటే వేరే కారణం వెతకండి: గోడల వెనక పోయే గొట్టాలు, తీగలు, పీడనంతో నిండిన తొట్లు, లేదా పీఠపు నియమం.

తిరిగే నివాసమైతే మంచి అవకాశం ఉంది. 224 మీటర్ల వ్యాసార్థంతో నిమిషానికి రెండు చుట్లు తిరిగితే అంచు మీద భూమి మీదున్నంత బరువు తెలుస్తుంది. అక్కడ తిరిగే దిశలో విసిరిన కత్తి అనుకున్నదానికన్నా ముందే కిందికి వాలిపోతుంది, ఎదురు దిశలో విసిరింది ఇంకా దూరం పోతుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న గడపమనిషి చేతికి ఇది అలవాటై ఉంటుంది. బయటి నుంచి వచ్చిన మెరికల్లాంటి సైనికుడి గురి తప్పుతుంది. పోరాట దృశ్యానికి ఇది చాలు, అంతకు మించిన మాయ ఏమీ అక్కర్లేదు.

7. రోజు గడిచే తీరు

కావలి పనిలో తొంభై పాళ్ళు ఏమీ జరగకపోవడమే. ఏమీ జరగని గంటల్ని వాళ్ళు ఎలా దాటతారో తెలిస్తే మనుషులు తెలిసినట్టే. ఎవరు ఎవరి వంతు తీసుకుంటారు, నిద్ర ముంచుకొస్తే ఏం చేస్తారు, మౌనవ్రతంలో ఉన్నవాళ్ళు కొట్లాడుకుంటే అది ఎలా ఉంటుంది?

హోదాల పేర్లు కూడా ఈ బతుకులోంచే రావాలి. జానిసరీల్లో దళ నాయకుడిని "చోర్బజీ" అనేవారు, అంటే సూప్ వండేవాడు. దళానికి ప్రాణం వంట గంగాళం. సుల్తాను మీద తిరగబడాలనుకున్నప్పుడు ఆ గంగాళాన్ని బోర్లించేవారు, నీ తిండి మాకొద్దు అని దానర్థం. ఉపన్యాసం లేదు, ప్రకటన లేదు. మీ దళానికీ ఇలాంటి ఒక వస్తువు ఇవ్వండి, మొదటి అధ్యాయాల్లో అది రోజూ వాడే మామూలు వస్తువుగానే కనిపించాలి. గడపవాళ్ళకు నేను ఒక చెక్క పీట ఇస్తాను. వంతు మారినప్పుడు దిగేవాళ్ళు పీటను ఎక్కేవాళ్ళకు అందిస్తారు. తలుపు వైపు వీపు పెట్టి కూర్చోవాలన్నది నియమం. ఒక రోజు ఎవరో పీటను తలుపు వైపుకు తిప్పి కూర్చుంటారు. నివాసం మొత్తానికి తిరుగుబాటు మొదలైందని అర్థమవడానికి అది చాలు.

8. దళం ఎలా ముగుస్తుంది?

మొదలుపెట్టే ముందే తెలిసి ఉండాలి. ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మహమూద్ 1826లో జానిసరీలను నిర్మూలించాడు. వాళ్ళకు ఆధ్యాత్మికంగా అండగా ఉన్న బెక్తాషీ సూఫీ సంఘాన్ని కూడా అదే ఏడు నిషేధించాడు. కావలి పోతే పీఠమూ పోయింది. జపాన్‌లో హియే పర్వతం మీద ఆయుధాలు పట్టిన సన్యాసులుండేవారు. 1571లో ఓడా నోబునాగా ఆ కొండ మీది ఎన్ర్యాకుజీ మఠాన్ని తగలబెట్టించాడు. అక్కడ కాపాడటానికి పట్టిన ఆయుధాలే మఠాన్ని రాజకీయ శత్రువుగా నిలబెట్టాయి. ఈ రెండు ముగింపుల్లో మీ కథ దేనికి దగ్గర? లేక మూడోది: దళం ఉంటుంది, పీఠం చచ్చిపోతుంది, ఖాళీ గది దగ్గర కావలి కొనసాగుతుంది.

ముసలితనాన్ని మరిచిపోకండి. కావలిలో చావకుండా మిగిలిన గడపమనిషి ఎక్కడికి వెళ్తుంది? మూడు స్నానాలు చేసిన మనిషికి తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేదు. ఈ ప్రశ్నకు పీఠం చెప్పే జవాబులోనే దాని దయ ఎంతో, క్రూరత్వం ఎంతో తెలుస్తుంది.

9. రాయడం మొదలుపెట్టండి

మొదటి దృశ్యంగా దాడిని రాయకండి, ఏమీ జరగని ఒక వంతును రాయండి. ఇద్దరు కావలివాళ్ళు, ఒక తలుపు, ఒక పీట. వాళ్ళు మాట్లాడుకునేది పీఠం గురించి కాకూడదు, పక్క గదిలో కారుతున్న నీటి గొట్టం గురించి కావచ్చు. ఆ దృశ్యం చదివించగలిగితే దళం నిలబడినట్టు.

దృష్టికోణం విషయంలో నా సలహా: కథ పీఠాధిపతి కళ్ళతో చెప్పకండి, అతనికి అన్నీ తెలుసు. కొత్తగా చేరిన అమాయకుడితో చెప్పించడం మామూలే, కానీ అతనికి పోగొట్టుకోవడానికి ఇంకా ఏమీ లేదు. ఇరవై ఏళ్ళుగా వంతు చేస్తూ, ఒక్కసారి కూడా లోపలికి చూడని మనిషిని తీసుకోండి. ఆమెకు గాలి పద్దుల గుమస్తా చిన్న కాగితం ఇస్తాడు. దాని మీద రెండు అంకెలున్నాయి: పీఠం మొదలైన రోజు లయకూ లయకూ మధ్య ఎంత వ్యవధి ఉందో ఒకటి, నిన్న ఎంత ఉందో ఇంకొకటి. చివరి దశాంశాల్లో తేడా ఉంది. ఆమె వంతు ముగియడానికి ఇంకా మూడు గంటలుంది. అక్కణ్ణుంచి రాయండి.